కొరియా వీడియో గేములు – మన పిల్లల రాత్రులు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు ఇచ్చిన అంశం పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర. ఈ మాట మీద మేము చాలా సభల్లో మాట్లాడాం, మీరూ చాలాసార్లు విన్నారు. అందుకని కార్యదర్శిగారి అనుమతితో ఇవాళ దారి కొంచెం మార్చుకుంటున్నాం. దక్షిణ కొరియాలో పిల్లలు ఆడే వీడియో గేముల గురించి చెబుతాం. బీఈడీ చదివి, ముప్పై ఏళ్లుగా బడిలో లెక్కలు చెప్పుకుంటున్న మాకు వీడియో గేములతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. పని ఎలా పడిందో ముందు చెబుతాం.

పోయిన ఏడాది మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. మన సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్పుతో చదువుకుంటున్న పిల్లవాడు. ఏడులో, ఎనిమిదిలో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. తొమ్మిదికి వచ్చేసరికి మొదటి పీరియడ్‌లోనే తల బల్ల మీద వాల్చేసేవాడు. అడిగితే ఒంట్లో బాగోలేదనేవాడు. రాత్రి రెండు గంటల వరకు ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడని తోటి పిల్లలు చెప్పారు. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో నూటికి 26 వచ్చాయి. స్కాలర్‌షిప్పు కొనసాగించాలా వద్దా అని సంఘం నుంచి ఫారం వచ్చినప్పుడు, ఉపాధ్యాయుల అభిప్రాయం రాయవలసిన చోట మేము ఇలా రాశాం: 'ఫోన్ గేములకు అలవాటు పడ్డాడు. చదువు మీద శ్రద్ధ లేదు. దాతల సొమ్ము ఇంకొకరికి ఉపయోగపడవచ్చు.' కింద సంతకం కూడా పెట్టాం.

ఫారం పంపే ముందు వాణ్ణి పిలిచి మందలించాం. చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి ఒక మాట అన్నాడు. "కొరియాలో ఇది ఉద్యోగం టీచర్. ఫేకర్ కూడా బడి మానేసే ఆడాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆయన ఆట చూస్తుంది."

ఆ ఫేకర్ ఎవరో మాకు తెలియదు. కొరియాలో ఇది ఉద్యోగమా కాదా అన్నదీ తెలియదు. తెలియని సంగతి మీద పిల్లవాణ్ణి తిట్టడం మా వృత్తికి తగదు. ఆ ఫారం సంచిలోనే ఉంచుకుని, దొరికినంత చదివాం. చదివినది మీ ముందు పెడుతున్నాం.

ముందు ఆ దేశం సంగతి. 1997 చివర్లో కొరియా ఆర్థికంగా కుప్పకూలింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. పెద్ద కంపెనీలు మూతపడ్డాయి. నడివయసు ఉద్యోగులు ఉన్నపళంగా వీధిన పడ్డారు. అలా పని పోయినవాళ్లలో కొందరు చేతికి వచ్చిన డబ్బుతో ఒక గది అద్దెకు తీసుకుని, వరుసగా కంప్యూటర్లు పెట్టి, గంట లెక్కన అద్దెకిచ్చే కేంద్రాలు తెరిచారు. వాటిని 'పీసీ బాంగ్' అంటారు. బాంగ్ అంటే కొరియా భాషలో గది. మన ఊళ్లలో ఒకప్పుడు ఉన్న ఇంటర్నెట్ సెంటర్ లాంటిదే అనుకోండి. గంటకు సుమారు వెయ్యి వాన్లు, అంటే అప్పటి లెక్కలో మన నలభై రూపాయలకు అటూ ఇటూ. బడి వదిలిన పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు, పని దొరకని పెద్దలు అందరూ అక్కడికే చేరేవారు. 2000 నాటికి ఇలాంటి కేంద్రాలు దేశంలో ఇరవై వేల దాకా వెలిశాయి.

దీనికి ఇంకో రెండు కారణాలు తోడయ్యాయి. ప్రభుత్వం పట్టుబట్టి దేశమంతటా వేగమైన ఇంటర్నెట్ సౌకర్యం కల్పించింది. అంతకుముందు చాలాకాలం జపాన్ సాంస్కృతిక సరుకు మీద కొరియాలో ఆంక్షలు ఉండడంతో, టీవీకి తగిలించి ఆడే జపాన్ గేము పెట్టెలు అక్కడ ఇంటింటికీ చేరలేదు. అందుచేత అక్కడ వీడియో గేమ్ అంటే కంప్యూటరే అయింది. అది కూడా ఇంట్లో ఒంటరిగా కాదు, పదిమంది మధ్య కూర్చుని ఆడేది.

సరిగ్గా 1998 మార్చిలో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ స్టార్‌క్రాఫ్ట్ అనే గేమ్ విడుదల చేసింది. ఇందులో మూడు జాతులు ఉంటాయి. ఆటగాడు ఒక జాతిని ఎంచుకుని, ఖనిజం తవ్వించి, కట్టడాలు కట్టి, సైన్యం తయారుచేసి ఎదుటివాడి మీదికి పంపాలి. చదరంగం లాంటిదే, కాకపోతే మనం ఆలోచించుకునేదాకా ఎదుటివాడు ఆగడు. ఇద్దరి ఎత్తులూ ఒకేసారి పడుతుంటాయి. ఆరితేరిన ఆటగాళ్లు నిమిషానికి మూడు వందలసార్లు మీటలు నొక్కుతారని చదివినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. అమెరికాలో పుట్టిన ఆ గేమ్ కొరియాలో జాతీయ క్రీడలాగా పాతుకుపోయింది.

1999లో పిల్లల కార్టూన్లు వేసే ఒక టీవీ ఛానెల్ సరదాకి స్టార్‌క్రాఫ్ట్ పోటీ ప్రసారం చేసింది. జనం విరగబడి చూశారు. మరుసటి సంవత్సరమే వీడియో గేముల కోసం ఆన్‌గేమ్‌నెట్ అనే ప్రత్యేక ఛానెల్ మొదలైంది. అదే 2000లో ప్రభుత్వ సాంస్కృతిక శాఖ ఆమోదంతో కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘం ఏర్పడింది. ఆటగాళ్ల పేర్లు నమోదు చేయడం, పోటీలకు నియమాలు పెట్టడం ఈ సంఘం పని. ఎస్‌కే టెలికాం, కేటీ, సామ్‌సంగ్ వంటి పెద్ద కంపెనీలు క్రికెట్ జట్లను పోషించినట్టు జట్లను పోషించాయి. ఇమ్ యో-హ్వాన్ అనే ఆటగాడికి సినిమా నటుడికి ఉన్నట్టు అభిమాన సంఘం ఉండేది. 2004 జూలై 17న బూసాన్ నగరంలో గ్వాంగాల్లి సముద్ర తీరాన జరిగిన జట్ల ఫైనల్ చూడడానికి సుమారు లక్షమంది వచ్చారని లెక్క. అదే రోజు అదే ఊళ్లో పేరున్న బేస్‌బాల్ ఆటగాళ్ల మ్యాచ్ జరిగితే దానికి వచ్చినవారు ఇందులో చిన్న భాగం. కొరియాలో యువకులందరూ కొంతకాలం సైన్యంలో తప్పనిసరిగా పనిచేయాలి. సైన్యంలో చేరిన ఆటగాళ్ల ఆట చెడిపోకూడదని 2007లో వైమానిక దళమే ఒక గేమింగ్ జట్టు పెట్టింది. అది 2012 దాకా నడిచింది.

ఇదంతా విన్నప్పుడు మా అబ్బాయి మాట నిజమే అనిపిస్తుంది. కొరియాలో ఇది ఉద్యోగమే. అయితే ఆ ఉద్యోగం చుట్టూ ఎంతమంది పెద్దవాళ్లు ఉన్నారో చూడండి. గది తెరిచి కౌంటర్ దగ్గర కూర్చున్న యజమాని, పోటీ నడిపే అంపైరు, జట్టుకు శిక్షకుడు, నియమాలు రాసిన సంఘం, ఆమోదించిన ప్రభుత్వ శాఖ. పిల్లవాడి చేతిలో మీటలున్నాయి, నిజమే. మిగతాదంతా పెద్దల చేతిలో ఉంది. మన పిల్లవాడు దుప్పటి ముసుగేసుకుని, ఫోన్ వెలుతురులో, ఎవరికీ తెలియకుండా ఆడుతున్నాడు. రెండింటి పేరూ గేమే. తేడా మాత్రం చాలా ఉంది.

ఇక ఫేకర్ సంగతి. ఆయన అసలు పేరు ఈ సాంగ్-హ్యోక్. 1996లో సియోల్‌లో పుట్టాడు. తండ్రి, నాయనమ్మ పెంచారు. ఆయన ఆడేది లీగ్ ఆఫ్ లెజెండ్స్. ఇందులో ఒక్కో జట్టుకు ఐదుగురు. ఎదుటి జట్టు కోటను కూల్చాలి. కబడ్డీలో లాగా ఒక్కడి తొందరపాటుతో జట్టంతా దెబ్బతింటుంది. ఫేకర్ 2013లో పదహారేళ్ల వయసులో పెద్ద పోటీల్లోకి వచ్చి, ఆ ఏడాదే తన జట్టుతో ప్రపంచ విజేత అయ్యాడు. తర్వాత 2015, 2016, 2023, 2024, 2025 సంవత్సరాల్లో మళ్లీ గెలిచాడు. అంటే మొత్తం ఆరుసార్లు.

హైస్కూలు మధ్యలో వదిలేసిన మాట కూడా నిజమే. కానీ మేము ఆ కథలో వరస ఏమిటో చూశాం. బడి మానేసి ఆడి పెద్దవాడు కాలేదు. బడికి వెళ్తున్న రోజుల్లోనే కొరియా ఆటగాళ్ల పట్టికలో మొదటి వరసకు చేరాడు. ఆ పట్టిక చూసి జట్టు పిలిచింది. అప్పుడు ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయం తీసుకున్నారు. మావాడు చెప్పిన కథలో ముందు జరిగినది వెనక్కి, వెనక జరిగినది ముందుకు వచ్చేసింది. లెక్కల టీచర్లం కదా, మెట్లు తారుమారైతే జవాబు తప్పుతుందని మాకు తెలుసు.

ఇంకో లెక్క చూడండి. కొరియాలో ఈ ఆటకు మొదటి స్థాయి లీగ్‌లో ఉన్నవి పది జట్లు. జట్టుకు ఐదుగురు. బరిలో దిగేది యాభైమంది. దేశ జనాభా ఐదు కోట్ల పైచిలుకు. ప్రతి పీసీ బాంగ్‌లోనూ ఫేకర్ కావాలనుకునే పిల్లలు ఉన్నారు. కుర్చీలు మాత్రం యాభై. ఆ కుర్చీ దక్కినవాళ్లు రోజుకు పది పన్నెండు గంటలు సాధన చేస్తారు. మణికట్టు నొప్పులు, మెడ నొప్పులు మామూలు. 2023లో ఫేకర్ కూడా చేతి నొప్పితో కొన్ని వారాలు ఆటకు దూరమయ్యాడు. చాలామంది ఇరవైల మధ్యలోనే తప్పుకుంటారు. ఫేకర్‌కు 2016కూ 2023కూ మధ్య ఏడేళ్లు ప్రపంచ కప్పు అందలేదు. 2017లో బీజింగ్‌లో ఫైనల్ ఓడిపోయి, అందరూ చూస్తుండగా తన బల్ల మీదే తల వాల్చి ఏడ్చాడు. మన పిల్లలు గెలిచిన వీడియోలు చూస్తారు. ఈ ఏడేళ్లు వాళ్ల ఫోన్‌లో కనిపించవు.

మాకు నచ్చిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు మొదటిసారి అసలు పతకాలు ఇచ్చారు. అందులో కొరియాకు మొదటి బంగారు పతకం తెచ్చినవాడు కిమ్ గ్వాన్-వూ. స్ట్రీట్ ఫైటర్ అనే పాతకాలపు గేమ్‌లో గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 44. చిన్నప్పుడు నాణేలు వేసి ఆడే దుకాణాల్లో నేర్చుకున్నాడు. ఉద్యోగం చేసుకుంటూనే ఆట మీద ప్రేమ నిలుపుకున్నాడు. ఈ మాట మా అబ్బాయికి చెబితే నమ్మలేదు. తానే వెతికి చూసుకుని, "మా అబ్బా కంటే పెద్దాయన టీచర్" అన్నాడు. చదువు వదిలితేనే ఆట వస్తుందన్న నమ్మకం వాడిలో మొదట కదిలింది ఆ రోజే అనుకుంటాం.

ఇప్పుడు ఈ కథలో చేదు భాగం. దాతలు, తల్లిదండ్రులు ముఖ్యంగా వినవలసింది ఇదే.

కొరియాలో అన్నీ సవ్యంగా జరగలేదు. 2005లో దేగూ నగరంలో 28 ఏళ్ల యువకుడు ఒకడు సుమారు యాభై గంటలు సరిగా తిండీ నిద్రా లేకుండా ఆడి, పీసీ బాంగ్‌లోనే కుప్పకూలి చనిపోయాడు. దేశం ఉలిక్కిపడింది. పిల్లలు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని తల్లులు మొరపెట్టుకున్నారు. చివరికి పార్లమెంటు చట్టం చేసింది. 2011 నవంబరు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి పన్నెండు నుంచి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ గేములు ఆడకూడదు. ఆ వేళకు గేమ్ దానంతటదే ఆగిపోవాలి. దీన్ని షట్‌డౌన్ చట్టం అన్నారు. మనలో చాలామంది ఇది వినగానే ఎంత మంచి చట్టం అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

ఏం జరిగిందో చూడండి. 2012లో పదిహేనేళ్ల కొరియా అబ్బాయి ఒకడు స్టార్‌క్రాఫ్ట్ రెండో భాగంలో అంతర్జాతీయ పోటీ ఆడుతున్నాడు. పోటీ నడిపేది ఫ్రాన్స్ వాళ్లు. అక్కడ పగలు, కొరియాలో రాత్రి. ఆట మధ్యలో పన్నెండు అవుతోంది. షట్‌డౌన్ వేళ వచ్చేసిందని చెప్పి, తొందరగా ముగించబోయి ఆ ఆట పోగొట్టుకున్నాడు. తర్వాత పెద్దవాళ్ల ఖాతాతో మళ్లీ లోపలికి వచ్చి ఆడాడు. ప్రపంచమంతా చూస్తున్న పిల్లవాడే అలా చేస్తే, ఇళ్లలో మామూలు పిల్లలు ఏం చేసి ఉంటారు? అమ్మ నంబరుతో, నాన్న నంబరుతో ఖాతాలు తెరిచారు.

ఆ అబ్బాయి సామాన్యుడు కాదు. తర్వాత రెండేళ్లకు, 2014లో, స్టార్‌క్రాఫ్ట్ రెండో భాగానికి ప్రపంచ విజేత అయ్యాడు. ఇంకో రెండేళ్లకు, 2016లో, పోలీసులు అరెస్టు చేశారు. పందెంరాయుళ్ల దగ్గర ఏడు కోట్ల వాన్లు తీసుకుని కావాలని మ్యాచ్‌లు ఓడిపోయాడని కోర్టులో రుజువైంది. జైలు శిక్ష వేసి, దాని అమలు నిలిపి ఉంచారు. ఆ సొమ్మంత జరిమానా పడింది. ఆటలోంచి జీవితకాలం వెలివేశారు. అప్పటికి వాడికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. అంతకుముందు 2010లో కూడా పదకొండుమంది ఆటగాళ్లు ఇలాగే వెలికి గురయ్యారు. ఆ గుణపాఠం ఉండగానే ఇది జరిగింది.

ఇది చదివిన రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. పన్నెండు కొట్టగానే ఆ పిల్లవాడి ఆట ఆపడానికి దేశమంత పెద్ద చట్టం ఉంది. డబ్బు సంచితో మధ్యవర్తి వచ్చి పక్కన కూర్చున్నప్పుడు, ఇది వద్దు బాబూ అని చెప్పడానికి సమయానికి ఎవరూ లేరు. గడియారాన్ని కాపలా పెట్టాం కదా అని పెద్దలు నిశ్చింతగా ఉంటే జరిగేది ఇదే. మన ఇళ్లలో ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసినప్పుడు కూడా మనకు అలాంటి నిశ్చింతే కలుగుతుంది.

కొరియా ప్రభుత్వం పదేళ్లు ఆ చట్టాన్ని నడిపింది. 2014లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా అది చెల్లుతుందని చెప్పింది. కానీ పిల్లలు కంప్యూటర్ వదిలి ఫోన్లకు వెళ్లిపోయారు. ఫోన్ గేములకు ఆ చట్టం వర్తించలేదు. 2021లో మరో వింత జరిగింది. చిన్నపిల్లలు ఇటుకలు పేర్చి ఇళ్లు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్, ఖాతాల పద్ధతి మారడం వల్ల, ఈ చట్టం కారణంగా కొరియాలో పెద్దలు మాత్రమే ఆడుకునే గేమ్‌గా తయారైంది. దాంతో జనం నవ్వారు, తల్లిదండ్రులు విసుక్కున్నారు. ఆ ఏడాదే చట్టాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, 2022 జనవరి 1 నుంచి రద్దు చేశారు. దాని బదులు, 2012 నుంచి ఉన్న ఇంకో పద్ధతిని నిలుపుకున్నారు. అందులో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఏ వేళల్లో ఆడవచ్చో ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి నిర్ణయించుకుని గేమ్ కంపెనీకి చెబుతారు. అంటే తాళంచెవి ప్రభుత్వం దగ్గర నుంచి ఇంటికి వచ్చింది.

ఇంకో రెండు మంచి పనులు కూడా చేశారు. 2019లో ఒక జట్టులో మైనరు ఆటగాణ్ణి ఒత్తిడి చేసి దీర్ఘకాల ఒప్పందం మీద సంతకం పెట్టించారన్న గొడవ బయటపడింది. లక్షలమంది ప్రభుత్వానికి విజ్ఞప్తి చేశారు. 2020లో చట్టాన్ని సవరించి, ఆటగాళ్ల ఒప్పందాలకు ప్రామాణిక నమూనా తెచ్చారు. రెండోది, అదుపు తప్పిన పిల్లల కోసం 2014లో ముజు అనే కొండ ప్రాంతంలో ప్రభుత్వమే ఒక శిబిరం తెరిచింది. పిల్లలు కొన్నాళ్లు ఫోన్ లేకుండా అక్కడ ఉండి, సలహాదారులతో మాట్లాడి, ఆటపాటలు మళ్లీ నేర్చుకుని ఇంటికి వెళ్తారు.

అలవాటుకూ జబ్బుకూ తేడా తెలియడం కూడా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ రుగ్మతను తన జబ్బుల జాబితాలో చేర్చింది. ఎక్కువసేపు ఆడడం ఒక్కటే జబ్బు కాదని అందులో ఉంది. ఆట మీద అదుపు లేకపోవడం, తిండి, నిద్ర, చదువు కంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం అనే ఈ మూడూ కలిసి, మామూలుగా ఏడాదిపాటు కనిపిస్తే అప్పుడు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మిగతా పిల్లలకు కావలసింది వైద్యుడు కాదు, వినే మనిషి.

మన దగ్గరి సంగతికి వద్దాం. పబ్జీ పేరు వినని ఇల్లు మన ఊళ్లో లేదు. అది కూడా కొరియాదే. బ్లూహోల్ అనే కొరియా కంపెనీ 2017లో తెచ్చింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు క్రాఫ్టన్. చైనా కంపెనీ టెన్‌సెంట్‌తో కలిసి ఫోన్‌లోకి తెచ్చిన పబ్జీని 2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వం మరో 117 యాప్‌లతో పాటు నిషేధించింది. 2021 జూలైలో అదే క్రాఫ్టన్ బీజీఎంఐ అన్న పేరుతో మళ్లీ తెచ్చింది. 2022లో అదీ ఆగిపోయింది. 2023 మేలో తిరిగి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు పెద్దల అనుమతి కావాలని, రోజుకు మూడు గంటలే ఆడనిస్తామని అందులో నియమం ఉంది. మా అబ్బాయి ఫోన్‌లో చూస్తే వాడి వయసు ఇరవై మూడు! వాళ్ల మామూ పుట్టిన తేదీ వేసుకున్నాడు. కొరియా పిల్లలకూ మన పిల్లలకూ తెలివితేటల్లో తేడా ఏమీ లేదు.

ఒక్క విషయం తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్ వేరు, డబ్బు పెట్టి డబ్బు వస్తుందని ఆడే ఆన్‌లైన్ గేములు వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ గేములను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ఒక క్రీడగా గుర్తిస్తూ, డబ్బు పందెపు గేములను దేశమంతటా నిషేధించింది. కొరియాలో ప్రపంచ విజేతనే పడగొట్టింది పందెం డబ్బు. మీ పిల్లవాడు గేమ్ ఆడుతున్నాడంటే కంగారుపడక్కర్లేదు. ఆ గేమ్‌లో డబ్బు వేస్తున్నాడా, ఎవరి దగ్గర తీసుకుంటున్నాడు, ఎవరికి ఇవ్వాలి అన్నది మాత్రం ఆ రోజే అడగండి. తిట్టకుండా అడగండి. తిడతారని తెలిస్తే ఏ పిల్లవాడూ చెప్పడు.

మా అబ్బాయి దగ్గరకు వస్తే, ఒక సాయంత్రం బడి అయ్యాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు ఆడు, మేము చూస్తాం" అన్నాం. మొదట నమ్మలేదు. తర్వాత అరగంటసేపు వివరిస్తూనే ఉన్నాడు. ఎక్కడ దిగాలి, వలయం ఎంత వేగంగా కుంచించుకుపోతుంది, ఎంత దూరంలో ఉన్నవాణ్ణి గురిపెడితే తగులుతుంది. ఏడాది మొత్తంలో వాడు మాతో అంతసేపు మాట్లాడింది అదే. మాటల మధ్యలో ఇంకో సంగతి బయటపడింది. తండ్రికి కువైట్‌లో పని తగ్గింది. ఇంట్లో డబ్బు ఇబ్బంది. ఈ గేమ్‌లో పోటీ గెలిస్తే ఇంటికి పంపవచ్చని వాడి ఆశ. నిద్ర మానింది అందుకు. మేము శ్రద్ధ లేదని రాసిన పిల్లవాడు ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ దిగులు మోస్తున్నాడు.

తర్వాత వాళ్ల అమ్మీని పిలిపించాం. తండ్రి ఫోన్‌లో మాట్లాడాడు. యాభై కుర్చీల లెక్క, 44 ఏళ్ల ఆటగాడి సంగతి అందరి ముందూ చెప్పాం. ఏం చేయాలో వాణ్ణే చెప్పమన్నాం. రాత్రి పదిన్నరకు ఫోన్ అమ్మీకి ఇస్తానని, ఖాతాలో తన అసలు వయసు వేసుకుంటానని, ఆదివారం స్నేహితులతో ఆడుకుంటానని చెప్పాడు. ఇంటి ఖర్చు మోయడం వాడి పని కాదని తండ్రి అన్నాడు. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు బొంగురుపోయింది.

ఇప్పుడు వాడు పదో తరగతి. వార్షిక పరీక్షలో లెక్కల్లో 51 వచ్చాయి. గొప్ప మార్కులేం కావు. గేమ్ మానలేదు. రెండు మూడుసార్లు పదిన్నర మాట తప్పాడు కూడా. తప్పినప్పుడు తనే వచ్చి చెప్పాడు. మాకు అది చాలు.

సంచిలో ఉన్న ఫారం సంగతి చెప్పి ముగిస్తాం. మొదట రాసినదాని మీద గీత కొట్టి, కింద ఇలా రాశాం: 'పిల్లవాడితో మాట్లాడాం. కారణం తెలిసింది. స్కాలర్‌షిప్పు కొనసాగించవలసిందిగా కోరుతున్నాం.' సంఘం పెద్దలు కొనసాగించారు. వారికి కృతజ్ఞతలు. మేము ఆ ఫారం మొదటి రోజే పంపి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాం.

దాతలకు మా విన్నపం ఒక్కటే. మీరిచ్చే డబ్బుకు లెక్క అడగడం మీ హక్కు. మార్కులు తగ్గిన పిల్లవాడి పేరు కొట్టేయమని చెప్పే ముందు, వాడితో ఎవరైనా ఒక గంట కూర్చున్నారా అని కూడా మమ్మల్ని అడగండి. ఉపాధ్యాయులుగా ఆ ప్రశ్నకు జవాబుదారీగా ఉంటామని మీ ముందు మాట ఇస్తున్నాం. మీలో వ్యాపారాలు, ఉద్యోగాలు చేసి అనుభవం గడించినవారు ఎందరో ఉన్నారు. మీ డబ్బుతో పాటు మీ ఆదివారం సాయంత్రం ఒక్కటి కూడా ఈ పిల్లలకు ఇవ్వండి. కొరియా ఒక చట్టం చేసి, పదేళ్లు నడిపి, వెనక్కి తీసుకుని తెలుసుకున్న సంగతి మనకు ఖర్చు లేకుండానే అందింది. దాన్ని వాడుకుందాం.

వెనుక వరుసలో కూర్చుని, ఈ ప్రసంగం ఎప్పుడు అవుతుందా అని ఫోన్ చూసుకుంటున్న పిల్లలకు కూడా ఒక మాట. మీరు ఏం ఆడుతున్నారో మాకు నేర్పండి. నేర్చుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. పదిన్నర లోపల మాత్రమే.